వెనక గోడకు చేరిన సమాధానం

పోయిన వారం జాషువాను గుడిలో ఆఖరి వరసలో, నరసింహ పక్కన, ఒకే చాప మీద కూర్చోబెట్టి ఆపేశాం. మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. అవుకు దగ్గర నాపరాళ్ల గనిలో జాషువా అన్న క్రాంతి కుమార్‌ను గడ్డపారతో కొట్టి చంపినవాడు ఈ నరసింహ. ప్యాపిలి మనిషి. కడప జైల్లో ఏళ్ల తరబడి శిక్ష అనుభవించి, యేసయ్యను నమ్ముకున్నానంటూ, పోవడానికి ఈ భూమ్మీద ఇంకో ఊరే లేనట్టు తిన్నగా క్రాంతి కుమార్ పుట్టి పెరిగిన ఊరికే వచ్చాడు. శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డకు పోయే దారిలో, శనగ చేల మధ్యనున్న ఆ చిన్న గుడిలో సంస్కారం, అంటే ప్రభువు బల్ల దగ్గర పంచే రొట్టె, తీసుకుంటానని పాస్టరు ఎడ్విన్ అయ్యగారిని అడిగాడు. అయ్యగారు సరేనన్నాడు. ఊరు రెండుగా చీలింది. చచ్చినవాడి తమ్ముడు జాషువా మాత్రం, "రానీండప్పా. నా పక్కనే కూచోబెట్టండి" అన్నాడు.

ఎంత మంచి మనసో అని ముసలమ్మలు కొంగుతో కళ్లొత్తుకున్నారు. పాపం, వాళ్లకేం తెలుసు!

రోడ్డు మీద కల్వర్టు దగ్గర ఒక ఆటో ఆగి ఉంది. అందులో ఇద్దరు మనుషులు, సీటు కింద గోనెపట్టాలో చుట్టిన రెండు గడ్డపారలు. అన్న ఏ ఇనుముతో పోయాడో ఆ ఇనుముతోనే నరసింహ పోవాలని జాషువా పంతం. ఆ ఇద్దరినీ ఓబులేసు అనే స్నేహితుడి చేత యాడి నుంచో పిలిపించాడు. వాళ్లు జాషువా మొహం చూడలేదు, నరసింహ మొహం చూడలేదు. వాళ్లకు తెలిసింది ఒక పేరు, ఒక గుర్తు: భుజాన ఎర్ర తువ్వాలు. ఆ తువ్వాలు లేకుండా నరసింహ గడప దాటడు. సెల్ టవరు పట్టిస్తుందని ఫోన్లు కూడా ఇంట్లోనే పెట్టి రమ్మన్నాడు. గుడి గంట మోగగానే ఆటో గేటు ముందుకు రావాలి. ఎవరొచ్చి ఏం చెప్పినా ఆగకూడదు. మనిషి బయటికి రాకపోతే లోపలికే పోవాలి. ఇంత పకడ్బందీగా ఏర్పాటు చేసి, తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చి కూర్చున్నాడు మన జాషువా.

గంట సంగతి కూడా చెప్పాలి. ఆ గుడిలో గంట కొట్టేది దేవరాజు. గంట స్తంభం గుడి బయట ఉంది కాబట్టి లోపల ఏం జరుగుతోందో అతనికి కనపడదు. సంస్కారం పంచుతున్నంతసేపూ జనం పాట పాడుతూనే ఉంటారు. పాట ఆగిందంటే అందరూ తీసుకున్నారని లెక్క. అప్పుడు దేవరాజు తాడు లాగుతాడు. వాళ్ల నాయన కూడా అట్లాగే లాగేవాడు.

సరే, లోపలికి పోదాం.

ఎడ్విన్ అయ్యగారు ప్రసంగం మధ్యలో ఉన్నాడు. ఆయన పుస్తకాల భాషలో మాట్లాడే రకం కాదు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, జనాన్ని కోప్పడినట్టు చెబుతాడు.

"మంచిగుండండి, కొట్టుకోవద్దండి అని చెప్పేదానికి సువార్త యేలప్పా? ఆ మాట మీ అమ్మ చెప్తాది, పోలీసోడు చెప్తాడు. సువార్త అంటే ఒక కబురు. నీ మింద పడాల్సిన దెబ్బ ఇంకొకాయన మింద పడింది. నువ్వు పడమని అడగలే. ఆ పొద్దు నువ్వు యాడుండావో కూడా నీకు తెల్దు. ఆయన పాయె, నువ్వు బతికితివి. ఇదీ కబురు. వచ్చిన కబురును నమ్ముతావా, నమ్మవా? అంతే."

జాషువాకు ఒళ్లు మండిపోయింది. ఆహా, ఎంత సుళువు! ఈ పక్కన కూర్చున్నవాడు నమ్మాడు, బాగుపడిపోయాడు. గనిలో తల పగిలినవాడికి ఏం కబురు? యేసయ్య క్షమిస్తే క్షమించనీ, గడ్డపార దెబ్బ తిన్నది ఆయన కాదు కదా, మా అన్న కదా! ఆయనెవరు మధ్యలో క్షమించడానికి? పళ్లు కొరుక్కుంటూ ఎదుటి గోడ వైపు చూశాడు. గోడ మీద కనపడిందల్లా అన్న పోయిన ఆ రోజే.

అప్పట్లో అన్నదమ్ములిద్దరికీ ఆ గనిలోనే పని. ఆ ముందు రోజు సాయంత్రం, పనికొచ్చిన ఆడమనిషి మీద చేయి వేశాడని కాంట్రాక్టరు తమ్ముడిని జాషువా చితక్కొట్టాడు. ఆ గెలుపు మీద కడుపునిండా తాగి, గని షెడ్డులో పడి నిద్రపోయాడు. పొద్దున కేకలకు మెలకువ వచ్చి, బయటి గొళ్లెం ఎవరో తీస్తే వచ్చి చూసేసరికి, తెల్లటి రాతిపొడి మీద అన్న పడి ఉన్నాడు. చెవి పైనుంచి తల ఒక పక్క లోపలికి దిగిపోయింది. ట్రాక్టరు ట్రాలీలో వేసుకుని నంద్యాలకు పరిగెత్తించారు. అన్న తలను ఒళ్లో పెట్టుకుని, చొక్కా చుట్టి అదిమి పట్టినా రక్తం మోకాళ్ల మీదుగా కారుతూనే ఉంది. పాణ్యం ఇంకా రాకముందే అన్న ఒక్కసారి కళ్లు తెరిచాడు. జాషువా మొహం చూసి, "నువ్వుండావు గదరా. సాలు" అన్నాడు. అంతే. ఏదో స్పృహ లేని మాట అనుకున్నాడు జాషువా. కూలీల్లో ఒక్కడూ ఏం చూశామని చెప్పలేదు. కోర్టులో నరసింహ కూడా నేనే చంపానని ఒప్పుకుని, ఎందుకు చంపావంటే నోరు విప్పలేదు. ఒట్టి పుణ్యానికి అన్నను చంపేశాడు అనే మాటతోనే జాషువా ఇన్నేళ్లు బతికాడు.

"లేచి నిలబడండి. సమాధానం ఇచ్చుకుందాం" అన్నాడు అయ్యగారు.

ఇక్కడ సమాధానం అంటే శాంతి. ఈ గుడిలో అది ఒకరి నుంచి ఒకరికి చేతుల మీదుగా పోవాలి. ఇచ్చేవాడి కుడి అరచేయి, పుచ్చుకునేవాడి కుడి అరచేయి కలవాలి. ఒకరి ఎడమ చేయి ఇంకొకరి చేతి మీద మూత వేసినట్టు పడాలి. బల్ల దగ్గర అయ్యగారితో మొదలై, వరస వెంబడి వరస, వెనక గోడ దాకా పోవాలి. ఆఖరివాడు గోడకు అరచేయి ఆనించి, "చేరింది" అని గట్టిగా చెప్పాలి. ఆ మాట వినపడేదాకా అయ్యగారు రొట్టె విరవడు. తాతల కాలంలో ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగాదా పెట్టుకుని చేయి అందించుకోకపోతే, ఆ రోజు రొట్టె విరవకుండానే అందరినీ ఇంటికి పంపేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎన్ని చేతులు తాకాయో, గోడ మీద ఆ చోట సున్నం నల్లబడి నున్నగా మెరుస్తుంటుంది.

సమాధానం వరసలు దాటి వస్తోంది. జాషువా చేతికి వచ్చింది. పుచ్చుకున్నాడు. నరసింహ వైపు తిరిగాడు.

నరసింహ చేతులు చాపాడు. జుట్టు నెరిసి, బుగ్గలు లోపలికి పోయి, ఈడుకు మించి ముసలివాడైపోయాడు. జాషువా ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్డులో బండలను చదును చేసే పనివాడు. పొద్దుగూకులూ సుత్తి, ఉలి పట్టిన చేతులవి. ఆ చేతుల మధ్య నరసింహ కుడి చేయి ఇరుక్కుంది.

"సమాధానం" అన్నాడు జాషువా, పెదాల మీద నవ్వు చెదరకుండా. చిటికెన వేలును పట్టి వెనక్కి విరిచాడు.

చెరుకు కణుపు విరిగినట్టు చప్పుడైంది. నరసింహ మోకాళ్లు వంగాయి. గొంతులో ఏదో మూలిగింది కానీ నోరు దాటలేదు. ముందు వరసవాళ్లకు ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడినట్టే కనపడుతోంది. ఒక పెద్దాయన చూసి తల కూడా ఊపాడు, ఎంత చక్కని దృశ్యమో అన్నట్టు.

"మా అన్న అరిసినాడా? అరవకముందే సంపితివి గదా" అన్నాడు జాషువా చెవిలో గొణుగుతున్నట్టు. పక్క వేలు పట్టాడు. అదీ విరిగింది. నరసింహ నుదుటి మీద చెమట పట్టింది. చేయి వెనక్కి లాక్కోలేదు. లాక్కోకపోవడమే జాషువాకు పిచ్చెక్కించింది. గుంజుకోరా, అరవరా, కాళ్ల మీద పడరా! అప్పుడు కదా పగ తీరేది!

"ఇంకా ఏళ్లుండాయప్పా, ఇరువు" అన్నాడు నరసింహ.

ఎగతాళి అనుకున్నాడు జాషువా. మధ్య వేలును కూడా విరిచి, మణికట్టును మెలిపెట్టి వదిలాడు. నరసింహ గోడను పట్టుకుని నిలదొక్కుకున్నాడు. వంకరపోయిన ఆ వేళ్లతోనే నల్లబడిన చోట అరచేయి ఆనించాడు. "చేరింది" అన్నాడు.

గుడంతా ఊపిరి పీల్చుకుంది. అయ్యగారు రొట్టె విరిచాడు. పాట మొదలైంది.

ముందు మగవాళ్లు, ఆఖరి వరస నుంచి, బల్ల దగ్గరికి కదిలారు. నరసింహ ఎర్ర తువ్వాలు తీసి చాప మీద పెట్టి ముందుకు నడిచాడు. జాషువా అతని పక్కనే మోకరించాడు. అయ్యగారు రొట్టె ముక్క పట్టుకుని వచ్చి, నరసింహ చాపిన ఎడమ చేయి చూసి ఆగాడు.

"కుడి చేయప్పా."

నరసింహ ఎడమ చేయే ఇంకాస్త ముందుకు చాపాడు. అయ్యగారే వంగి, పంచె మడతల్లో దాచుకున్న ఆ చేతిని బయటికి తీశాడు. అప్పటికే వాచి నల్లబడింది. వేళ్లు మూడూ మూడు వైపులకు తిరిగి ఉన్నాయి.

"ఎవురు?" అన్నాడు అయ్యగారు.

నరసింహ తల దించుకున్నాడు. చెప్పడు! ఇప్పుడు కూడా చెప్పడు! దేవుడి బల్ల ముందర పెద్దమనిషి వేషం వేస్తాడు! జాషువాకు కళ్లు ఎర్రబడ్డాయి. గంట దాకా ఓపిక పట్టాలన్న ఏర్పాటంతా గాలికి పోయింది.

"నేనే!" అని అరిచి లేచాడు. "నేనే ఇరిచినా. ఏం చేస్తావయ్యా? వీనికి రొట్టె పెడతావా? మా అన్నను తిన్నోనికి యేసయ్యను కూడా తినిపిస్తావా?"

అంటూనే కాలెత్తి నరసింహ రొమ్ము మీద తన్నాడు. నరసింహ వెల్లకిలా పడ్డాడు. జుట్టు పట్టి ఎత్తి, బల్ల అంచుకేసి కొట్టాడు. కనుబొమ్మ చీలి, తెల్లగుడ్డ మీద రక్తం చిమ్మింది. ఇద్దరు పెద్దలు వచ్చి పట్టుకుంటే ఒకడిని మోచేత్తో మూతి మీద పొడిచాడు, ఇంకొకడిని చాపల మీదికి నెట్టాడు. అయ్యగారు మీద పడి ఆపబోతే ఆయన్నూ తోసేశాడు. ఆడవాళ్ల వైపు పిల్లలు ఏడుపందుకున్నారు. పాట చెదిరిపోయింది. రెండు మూడు గొంతులు మాత్రం, ఏం చేయాలో తోచక, భయంతో పాడుతూనే ఉన్నాయి. జాషువా ఇత్తడి కొవ్వొత్తి స్తంభాన్ని పెరికి రెండు చేతులా పైకెత్తాడు.

"కొట్టు."

ఆ మాట అన్నది దానమ్మ. జాషువా తల్లి. బైబిల్ సంచి భుజాన వేసుకుని శిరివెళ్ల నుంచి నల్లమల అంచు దాకా ఊరూరూ తిరిగి వాక్యం చెప్పిన మనిషి. ఆడవాళ్ల వరసల మధ్య నుంచి నడిచి వచ్చింది. కొడుకు చేయి పట్టుకోలేదు, నరసింహకు అడ్డం నిలబడలేదు.

"కొట్టు నాయనా. కొట్టేముందు ఒక మాట ఇను. వీనికి సువార్త చెప్పింది యెవరనుకుంటాండావ్? నేనే."

స్తంభం గాలిలోనే ఆగింది.

"ఏందీ?"

"కడపకు పోయినా, జైలుకు. వీని మొహాన ఉమ్మేదానికే పోయినా. ఉమ్మినా కూడా. తుడుచుకోలేదు వీడు. ఆ పొద్దు గనిలో యేం జరిగిందో చెప్పినాడు. విని ఇంటికొచ్చి నీకు అన్నం పెట్టినా గానీ ఆ మాట చెప్పలే. చెప్తే నువ్వు బతకవని భయమురా. ఇన్నేండ్లు కడుపులో పెట్టుకున్యా. ఇంక నా వల్ల గాదు." నరసింహ వైపు తిరిగింది. "చెప్పు. నా పెద్దకొడుకు నీతో యేమన్న్యాడో వీనికి చెప్పు."

నరసింహ బల్ల కాలు పట్టుకుని లేచి కూర్చున్నాడు. కంట్లోకి కారుతున్న రక్తాన్ని మంచి చేత్తో తుడుచుకున్నాడు.

"వద్దమ్మా."

"చెప్పు!"

నరసింహ జాషువా మొహం వంక చూడలేక నేల చూస్తూ చెప్పాడు. "కాంట్రాక్టరు నన్ను పంపింది మీ అన్న మీదికి కాదప్పా. నీ మీదికి. నీ మొగం నాకు తెల్దు. పేరు చెప్పి పంపినారు. గనిలోకి పోయి, జాషువా అంటే ఎవురప్పా అని అడిగినా. కూలోళ్లంతా తలకాయలు దించుకొనిరి. ఒకడు మాత్రం షెడ్డు తలుపు దగ్గరకేసి, గొళ్లెం పెట్టి, నా ముందరికొచ్చె."

జాషువా చేతులు కిందికి దిగాయి.

"'నేనే జాషువా' అన్న్యాడు. కోర్టులో పేరు పిలిచినాకనే తెలిసె నాకు, నేను సంపింది జాషువాను కాదని. నువ్వు బతికుండావని. ఎందుకు సంపితివని జడ్జి అడిగినాడు. చెప్తే నీకు తెలిసిపోతాది. ఆయప్ప పానమిచ్చి దాచినోన్ని నేనెట్లా బయటపెడుదునప్పా?"

పాడుతున్న ఆ రెండు మూడు గొంతులు కూడా ఆగిపోయాయి.

ఇత్తడి స్తంభం జాషువా చేతిలోంచి జారి బండల మీద దొర్లింది. నువ్వుండావు గదరా. సాలు. స్పృహ లేని మాట కాదది. ట్రాలీలో, తల పగిలి, పానం పోతూ అన్న లెక్క చూసుకున్న మాట. షెడ్డులో తాగి పడి ఉన్నవాడు బతికే ఉన్నాడని చూసుకుని, అంతటితో సంతోషపడి పోయాడు. నీ మింద పడాల్సిన దెబ్బ. ఆ పొద్దు నువ్వు యాడుండావో కూడా నీకు తెల్దు. ఆయన పాయె, నువ్వు బతికితివి. ఇంతకుముందు ఒళ్లు మండించిన ఆ మాటలు ఇప్పుడు పేరు పెట్టి పిలిచినట్టు మీద పడ్డాయి. కబురు అంటే ఇదా! ఇంత భయంకరంగా ఉంటుందా మంచి కబురు!

అప్పుడు గంట మోగింది.

దేవరాజు తప్పేం లేదు. పాట ఆగింది, తాడు లాగాడు. ఎప్పుడూ చేసే పనే చేశాడు. ఎండలో నిలబడి, లోపల అంతా సవ్యంగా ముగిసిందనుకుని, ఊరంతా వినపడేలా కొడుతున్నాడు.

"ఆపు!" అని జాషువా అరిచాడు. "దేవరాజన్నా, ఆపు!" ఆపితే మాత్రం ఏం లాభం? మోగిన గంట మోగనే మోగింది. కల్వర్టు వైపు ఆటో స్టార్టయిన చప్పుడు శనగ చేల మీదుగా వినపడుతోంది. ఫోన్లు లేవు. ఎవరొచ్చి ఏం చెప్పినా ఆగొద్దన్నది తానే. రాకపోతే లోపలికి పోండి అన్నది తానే. లోపల పిల్లలున్నారు, అమ్మ ఉంది. నేల మీద, విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, వాడున్నాడు.

జాషువా తలుపు వైపు పరిగెత్తాడు. ఆఖరి చాప దగ్గర కాలు ఆగింది. ఎర్ర తువ్వాలు మడత పెట్టి అక్కడే ఉంది.

వంగి తీసుకున్నాడు. భుజాన వేసుకున్నాడు.

"ఒరేయ్, యాడికిరా?" అంది దానమ్మ. గేటు అవతల ఆగుతున్న ఆటోను, కొడుకు భుజం మీది తువ్వాలును చూసి, ఏదో అర్థమైనట్టు గుండె మీద చేయి వేసుకుంది. "జాషువా!"

చెప్పులు లేని కాళ్లతోనే గుడి మెట్లు దిగాడు. ఎండకు కాలిన నేల అరికాళ్లను చురుక్కుమనిపించింది. గేటు ముందర ఇద్దరు మనుషులు దిగారు. గోనెపట్టా విప్పి గడ్డపారలు చేతికి తీసుకున్నారు. దేవరాజు తాడు వదిలేసి గోడ చాటుకు తప్పుకున్నాడు. పొడుగ్గా ఉన్న మనిషి జాషువాను కింది నుంచి పైకి చూసి, ఎర్ర తువ్వాలు మీద కన్ను నిలిపాడు.

"నరసింహ అంటే ఎవురప్పా?"

జాషువా ఒక్కసారి అమ్మ మొహం తలుచుకున్నాడు. అన్న కూడా ఇట్లాగే ఒక్క క్షణం అమ్మ మొహం తలుచుకున్నాడా?

"నేనే" అన్నాడు.

"కాదు! వాడు కాదు! నరసింహను నేను!" గుడి మెట్ల మీద నుంచి ఇంకో గొంతు. మొహమంతా రక్తంతో, విరిగిన చేతిని రొమ్ముకు అదుముకుని, తూలుతూ పరిగెత్తి వస్తున్నాడు నరసింహ. "వానిని వదలండప్పా! నేను చేసిన తప్పే మీరూ చేయొద్దండి!"

ఇద్దరు మనుషులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేరు ఇద్దరూ తమదే అంటున్నారు, ఓబులేసు చెప్పిన గుర్తు మాత్రం ఒకటే. ఎర్ర తువ్వాలు జాషువా భుజం మీద ఉంది.

పొడుగు మనిషి గడ్డపారను రెండు చేతులా పైకెత్తాడు.